సగం యాసిడ్, రెట్టింపు సేపు

క్రియాజనకాల గాఢత పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఏళ్ళ తరబడి నేను చెప్పిన వాక్యం ఇది. ఇంటర్ రెండో సంవత్సరం, రసాయన గతిశాస్త్రం, రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు రాశారు, మార్కులు తెచ్చుకున్నారు, మెడిసిన్‌కీ ఇంజనీరింగ్‌కీ వెళ్ళారు. చాలా చర్యల విషయంలో ఆ వాక్యంలో తప్పేమీ లేదు. నేను మాత్రం దాని వెనకాల ఇంకొక వాక్యం సొంతంగా అల్లుకున్నాను. గాఢత సగమైతే వేగం సగమవుతుంది, కాబట్టి రెట్టింపు సేపు ఉంచితే పని అదే జరుగుతుంది అని. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని పట్టుకుని 1990ల మొదట్లో మా అన్నయ్య చేలో పత్తి మొలవకుండా చేశాను. ఆ తప్పును తీసుకెళ్ళి ఇంకొకరి నెత్తిన పెట్టాను. మొదటిది తెలివితక్కువతనం. రెండోదానికి నాకు ఇవాళ్టికీ సరైన పేరు దొరకలేదు.

మాది పర్చూరు వైపు నల్లరేగడి. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు కానీ మాకు అది ప్రకాశం జిల్లాయే. ఈరోజుల్లో పత్తి రైతు విత్తనాల కొట్లో ప్యాకెట్టు కొంటే లోపల గింజ నున్నగా, రంగుపూతతో ఉంటుంది. హైబ్రిడ్‌లు, ఆ తర్వాత 2002లో అనుమతి వచ్చిన బీటీ, అన్నీ అలాగే వచ్చాయి. అంతకుముందు సొంత విత్తనం వాడిన ఇళ్ళలో గింజ ఇలా ఉండేది కాదు. జిన్నింగు మిల్లులో దూది లాగేశాక కూడా గింజ ఒంటిని పట్టుకుని పొట్టి నూగు మిగిలిపోతుంది. ఆ నూగుతో గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలవుతాయి. సాలులో ఒక్కొక్కటిగా పడవు. నీళ్ళు లోపలికి దిగడానికీ నూగే అడ్డం. మా తాతల కాలంలో పేడనీళ్ళు, మట్టి, బూడిద వేసి రుద్ది నూగును గింజకు అణిచేసేవాళ్ళు. తర్వాత వ్యవసాయ శాఖవాళ్ళు యాసిడ్ పద్ధతి నేర్పారు.

పద్ధతి చెప్పడానికి చిన్నది. కిలో గింజకు 100 మిల్లీలీటర్ల గాఢ గంధకికామ్లం. ప్లాస్టిక్ బకెట్, కర్ర. గింజ మీద యాసిడ్ పోస్తూ రెండు మూడు నిమిషాలు ఆపకుండా కలపాలి. నూగు కరిగి, గింజ కాఫీ రంగుకు తిరిగి, నల్లగా మెరవడం మొదలవగానే బకెట్ నిండా ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరించాలి. నాలుగైదు సార్లు కడగాలి. చివర్లో సున్నపు తేటతో మిగిలిన ఆమ్లం విరిచి, మళ్ళీ కడిగి, నీడలో ఆరబెట్టాలి. కడిగేటప్పుడు తేలిన తాలు గింజ పారబోస్తే మునిగిన గట్టి గింజ మిగులుతుంది. గింజలో దాక్కున్న గులాబీరంగు పురుగు కూడా చస్తుంది. మంచి పద్ధతి, కానీ ప్రమాదకరమైన పద్ధతి. ఒక ఏడు అన్నయ్య కలుపుతుంటే చుక్క ఎగిరి ముంజేతి మీద పడింది. రూపాయి బిళ్ళంత మచ్చ. ఆ మచ్చ చూసినప్పుడల్లా వదినకు భయం.

ఆ మచ్చ చూసే నేను సలహా ఇచ్చాను. నా మనసులో చెడు లేదని చెప్పుకోవడానికి ఈ మాట రాయడం లేదు. ప్రేమతో ఇచ్చిన సలహా కాబట్టే నేను దాన్ని ఒక్క నిమిషం కూడా అనుమానించలేదు. వేసవి సెలవులు దాటి కొత్త బ్యాచ్‌లు మొదలయ్యాక ఒక ఆదివారం ఊరికెళ్ళాను. అన్నయ్య యాసిడ్ క్యాను, గింజల బస్తా బయటపెట్టుకుని ఉన్నాడు. "అన్నయ్యా, ఇంత ఘాటు యాసిడ్ ఎందుకు? సగం నీళ్ళు కలుపు. వేగం సగానికి తగ్గుతుంది. మూడు నిమిషాల బదులు ఆరు నిమిషాలు కలుపు. పని అదే అవుతుంది, చేతులు కాలవు" అన్నాను. అన్నయ్య కాసేపు ఆలోచించాడు. "వాళ్ళు నీళ్ళు కలపొద్దన్నారురా" అన్నాడు. ఎందుకు వద్దన్నారో వాళ్ళు ఆయనకు చెప్పలేదు. నేను చెప్పినదానికి కారణం ఉంది, లెక్క ఉంది. "సరేలే, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెబుతుంటే ఇంకేముంది" అన్నాడు.

యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదని, నీళ్ళలో యాసిడ్ పోయాలని నాకు తెలుసు. అలాగే కొంచెం కొంచెంగా పోశాను. ఆ జాగ్రత్త తీసుకున్నానన్న గర్వం కూడా ఉంది అప్పుడు. సగం పోసేసరికి బకెట్ బయటివైపు చెయ్యి పెడితే చురుక్కుమంది. పూర్తయ్యేసరికి పక్కలు మెత్తబడి ఉబ్బాయి. గంధకికామ్లం నీళ్ళతో కలిస్తే వచ్చే వేడి ఆషామాషీ కాదు. సరిసమానంగా కలిపితే ద్రవం వంద డిగ్రీలు దాటిపోతుంది. నేను క్లాసులో ఉష్ణమోచక చర్య అని చెప్పి వదిలేసేది ఇదే. కాసేపు ఆగాం. పడమటి దిక్కున మబ్బు కమ్ముతోంది, వాన పడితే మర్నాడే పదును, విత్తనం సిద్ధంగా ఉండాలి. పూర్తిగా చల్లారకముందే గింజలు పోశాం.

అప్పుడు జరిగింది నేను ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్పగలను. నూగు కరగలేదు. ఉబ్బింది. తెల్లటి నూగు కాస్తా గాజులా పారదర్శకంగా మారి, జిగురై, గింజలను గుత్తులు గుత్తులుగా అంటించేసింది. కర్ర తిప్పితే ముద్ద ముద్దగా కదులుతోంది. రంగు తిరగలేదు, మెరుపు రాలేదు. అన్నయ్య నా మొహం చూశాడు. "ఇంకా టైము కాలేదు, కలుపు" అన్నాను. అంతటితో ఆగకుండా, "ఇంకాస్త ఎక్కువసేపే ఉంచుదాం, నష్టం లేదు" అన్నాను. నా కళ్ళెదురుగా బకెట్ వేరే మాట చెబుతోంది. నేను తలలో ఉన్న సగానికి రెట్టింపు అనే గీతను చూస్తున్నాను, బకెట్‌ను చూడలేదు.

కడిగాం. ముద్దలు చేత్తో విడదీశాం. వేపచెట్టు నీడన గోనె మీద ఆరబోశాం. ఆరాక గింజలు మరకలు మరకలుగా ఉన్నాయి, కొన్నిటి మీద ఎండిన జిగురు పొరలా ఉంది. వాన పడింది. అచ్చు తోలి గింజ పెట్టారు. వారం తిరిగేసరికి సాళ్ళు కనబడాలి. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప నేల పగల్లేదు. అన్నయ్య ఒక సాలు వెంట కూర్చుని పుల్లతో మట్టి తీసి గింజను వేళ్ళ మధ్య నొక్కాడట. పప్పు గోధుమరంగు ముద్దై బయటికొచ్చింది. అక్కడక్కడా అయితే పోగుంటలు నాటుకోవచ్చు, చేనంతా అయితే మళ్ళీ దున్నడమే. అప్పు మీద కొత్త విత్తనం తెచ్చి ఆలస్యంగా వేశారు. ఆ ఏడు దిగుబడి సగం కూడా రాలేదు.

ఆ రోజుల్లో మా వైపు ఒక పంట పోవడమంటే ఏమిటో తెలియనివాళ్ళు లేరు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. అప్పుల పాలైన రైతులు ఇదే నేల మీద ప్రాణాలు తీసుకున్నారు. మాకు తెలిసిన ఇళ్ళలోనూ ఆ దుఃఖం ఉంది. ఆ దెబ్బ నుంచి మా ఇల్లు అప్పుడప్పుడే తేరుకుంటోంది. అలాంటి ఇంటికి నేను ఈ లెక్క తీసుకెళ్ళాను.

ఫోనులో అన్నయ్య సంగతి చెప్పగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "విత్తనమే మంచిది కాదేమో అన్నయ్యా. మామయ్య దగ్గర తెచ్చావుగా, పాతది అంటగట్టి ఉంటాడు." ఆయన మాకు మేనమామ వరస. తన చేలో బాగా కాసిన పత్తి నుంచి ఏరి దాచుకున్న గింజ డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. నా మాట అన్నయ్య మనసులో పడింది. ఆయన ఎప్పుడూ ఎదురుపడి మామయ్యను అడగలేదు. రాకపోకలు మాత్రం తగ్గిపోయాయి. ఒక పెళ్ళిలో ఆయనే వచ్చి పలకరిస్తే అన్నయ్య పొడిపొడిగా మాట్లాడి పక్కకు తప్పుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. బకెట్‌లో ఉబ్బిన ఆ జిగురు అప్పటికే నాకు అనుమానం పుట్టించింది, కానీ అనుమానాన్ని తేల్చుకోవాలంటే పుస్తకం తీయాలి. పుస్తకం తీస్తే ఏం దొరుకుతుందోనని తీయలేదు.

తీసింది చాలా ఏళ్ళ తర్వాత. ఒక విద్యార్థి అడిగాడు. "సార్, ఇనుము గాఢ గంధకికామ్లంలో తొందరగా కరగాలి కదా, మరి ఇనుప ట్యాంకర్లలో ఎలా తీసుకెళ్తున్నారు?" హైవే మీద చూసి వచ్చి అడిగిన ప్రశ్న అది. 98 శాతం యాసిడ్ మామూలు ఉక్కు ట్యాంకర్లలోనే ప్రయాణిస్తుంది. లోహం మీద సల్ఫేటు పొర కట్టి చర్యను ఆపేస్తుంది. అదే యాసిడ్‌లో నీళ్ళు కలిస్తే ఉక్కును తినడం మొదలుపెడుతుంది, హైడ్రోజన్ వదులుతుంది. అంటే గాఢత తగ్గితే వేగం పెరిగింది! నా రెండు మార్కుల వాక్యం ఆ ట్యాంకర్ ముందు నిలబడలేదు. కుర్రాడికి "రేపు చెబుతాను" అన్నాను. ఆ రాత్రి గంధకికామ్లం గురించి మొదటిసారి చదవాల్సినట్టుగా చదివాను.

క్లాసులో అభిఘాత సిద్ధాంతానికి నా ఉపమానం ఒకటే. శంకర్ విలాస్ సెంటర్. మధ్యాహ్నం నలుగురు నడుస్తుంటే ఎవరూ ఎవరికీ తగలరు. సాయంత్రం కాలేజీలు వదిలాక వంతెన దిగే జనం, బ్రాడీపేట లైన్ల నుంచి వచ్చే జనం కలిస్తే భుజాలు రాసుకోకుండా దాటలేం. జనం రెట్టింపైతే తగులుకోవడాలు ఎక్కువ. అణువులూ అంతే అనేవాణ్ణి. పిల్లలకు వెంటనే ఎక్కేది. ఈ ఉపమానంలో నీళ్ళంటే ఖాళీ రోడ్డు. నీళ్ళు కలపడమంటే రోడ్డు వెడల్పు చేయడం. గంధకికామ్లం దగ్గర నీరు ఖాళీ స్థలం కాదు. అదే అసలు సంగతి.

లెక్క చూడండి. సీసాలోని 98 శాతం యాసిడ్‌లో లీటరుకు 18 మోల్స్ పైచిలుకు గంధకికామ్లం ఉంటుంది, నీరు సుమారు 2 మోల్స్. తొమ్మిది ఆమ్లం అణువులకు ఒక్క నీటి అణువు. నూగు అంటే సెల్యులోజ్, చక్కెర ముక్కలు వరసగా గుచ్చిన పొడవైన దండ. ఆ దండను తెంపేది ఆమ్లం ఇచ్చే ప్రోటాన్. నీరు తక్కువున్న యాసిడ్‌లో ప్రోటాన్‌ను పట్టుకునేవాళ్ళు లేరు, అది సెల్యులోజ్ మీద పడుతుంది. నేను సగం నీళ్ళు కలిపాక లీటరుకు ఆమ్లం 9 మోల్స్ అయింది, నిజంగానే సగం. కానీ ఇప్పుడు ఒక్కొక్క ఆమ్లం అణువుకు మూడు నీటి అణువులు. నీటికి ప్రోటాన్ అంటే మహా ప్రీతి, దాన్ని పట్టి ఉంచుతుంది. సీసా మీద రాసే గాఢత రెండు రెట్లు తగ్గింది, ప్రోటాన్‌ను ఇచ్చే బలం లక్షల రెట్లు తగ్గింది. 1932లో అమెరికాలో లూయీ హామెట్, ఆల్డెన్ డెయ్‌రప్ ఇలాంటి గాఢ ఆమ్లాల బలాన్ని రంగు మారే సూచికలతో కొలిచి ఒక కొలమానం తయారుచేశారు. పీహెచ్ పనిచేయని చోట పనిచేసే కొలమానం. దాని ప్రకారం, బరువులో సగం నీళ్ళున్న గంధకికామ్లానికీ 98 శాతం దానికీ తేడా సుమారు కోటి రెట్లు. మేం కలిపింది ఘనపరిమాణంలో సగం కాబట్టి బరువులో 63 శాతం దాకా వస్తుంది, తేడా కొంచెం తగ్గుతుంది, అయినా లక్షల్లోనే. నేను రెట్టింపు సేపు అని చెప్పిన చోట ఉన్న తేడా అది.

ఇంకొకటీ తెలిసింది. 60, 70 శాతం మధ్య యాసిడ్ సెల్యులోజ్‌ను ముక్కలు చేయడానికి ముందు ఉబ్బిస్తుంది, జిగురు చేస్తుంది. కాగితాన్ని అలాంటి యాసిడ్‌లో కొద్ది సెకన్లు ముంచి, కడిగి, నూనె పీల్చని గట్టి పార్చ్‌మెంటు కాగితం చేయడం 19వ శతాబ్దం నాటి విద్య. మా బకెట్‌లో జరిగింది అదే. నేను చర్యను నెమ్మది చేశాననుకున్నాను, నిజానికి వేరే మార్పును మొదలుపెట్టాను. ఆ జిగురు గింజను పట్టుకుని ఉండగా, వేడి ద్రవం పెంకును దాటి లోపలి మొలకను చేరేంత సమయం నేనే ఇచ్చాను. మంచి పద్ధతిలో రెండు మూడు నిమిషాల్లో నూగు పోతుంది, ఆమ్లం లోపలికి దిగేలోపు నీళ్ళు పడతాయి. గాఢత ఎక్కువ ఉండడమే అక్కడ గింజకు రక్షణ. నీళ్ళు కలపొద్దన్నవాళ్ళు ఊరికే అనలేదు.

మర్నాడు కాలేజీ ల్యాబులో మూడు పరీక్షనాళికలు పెట్టి, కళ్ళద్దాలూ చేతి తొడుగులూ వేసుకుని, ఒక్కొక్కదానిలో చిటికెడు దూది వేశాను. ఒకదానిలో సీసా యాసిడ్, ఇంకొకదానిలో కలిపి పూర్తిగా చల్లార్చిన 63 శాతం, మూడోదానిలో 30 శాతం. మొదటిదానిలో దూది చూస్తుండగానే కరిగిపోయి ద్రవం గోధుమరంగుకు తిరిగింది. 30 శాతంలో వేసింది గంట తర్వాత కూడా తడిసిన దూదిలాగే ఉంది. మధ్య నాళికలో దూది పోగులు ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వెలుతురుకు అడ్డం పెడితే అవతలి కిటికీ కనిపించేంత పారదర్శకమైన ముద్ద అయింది. గాజు కడ్డీతో తాకితే సాగింది. ఆ ముద్దను నేను ఇంతకుముందు చూశాను. ల్యాబ్ అసిస్టెంటు ఏదో అడిగాడు, జవాబు చెప్పలేకపోయాను.

ఆలోచిస్తే నా గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. థయోసల్ఫేట్ ప్రయోగం నుంచి. తెల్ల కాగితం మీద గుణకారం గుర్తు, దాని మీద ఫ్లాస్కు, సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే గంధకం విడిపోయి పాలలా మసకబారుతుంది, గుర్తు కనుమరుగయ్యేదాకా గడియారం చూస్తాం. థయోసల్ఫేట్ సగానికి తగ్గిస్తే సమయం ఇంచుమించు రెట్టింపు. గాఢతకూ 1/సమయానికీ గ్రాఫు గీస్తే చక్కటి సరళరేఖ. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ రేఖ గీసి నేను పొందిన సంతోషం అంతా ఇంతా కాదు. ప్రకృతి అంతా ఈ రేఖ మీదే నడుస్తుందని నమ్మేశాను. అదే ప్రయోగంలో థయోసల్ఫేట్ అలాగే ఉంచి ఆమ్లం గాఢత మారిస్తే సమయంలో పెద్ద తేడా రాదు. ఆ రెండో వరస మాకెవరూ చేయించలేదు, నేనూ ఎవరిచేతా చేయించలేదు.

ప్రతి చర్యకూ క్రమాంకం వేరు అని పుస్తకంలో ఆ పక్క పేజీలోనే ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ రెట్టింపైతే వేగం నాలుగు రెట్లు. వేడి ప్లాటినం మీద అమ్మోనియా విడిపోయేటప్పుడు లోహం ఉపరితలం నిండిపోయి ఉంటే అమ్మోనియా ఎంత పెంచినా వేగం మారదు. ఒంట్లో ఎంజైములదీ అదే కథ. క్రమాంకాన్ని సమీకరణం చూసి చెప్పలేం, ప్రయోగం చేసి కనుక్కోవాలి. ఈ మాట నేను కొన్ని వందల మందికి డిక్టేషన్ చెప్పాను. నా నోటితో చెప్పిన మాట నా చెవిన పడలేదు.

1850లో జర్మనీలో విల్‌హెల్మీ అనే ఆయన చర్యకు ఎంత సమయం పడుతుందో మొదటిసారి లెక్కకట్టాడు. ఆయన తీసుకున్నది చెరుకు చక్కెర, దాన్ని ఆమ్లం విడగొట్టే తీరు. చక్కెర ద్రావణం గుండా కాంతి ఎంత మెలితిరుగుతుందో కొలుస్తూ, మిగిలిన చక్కెర ఎంతుంటే వేగం అంత అని తేల్చాడు. అంతకు ముందే 1819లో ఫ్రాన్సులో బ్రాకోనో నార గుడ్డపేలికలను గంధకికామ్లంతో కరిగించి చక్కెర తీశాడు. విల్‌హెల్మీ కొలిచిన చర్యా, బ్రాకోనో చేసిన పనీ, మా పత్తి గింజ నూగూ ఒకే జాతి. మూడింటిలోనూ తెగేది చక్కెర ముక్కలను కలిపే ఆక్సిజన్ వంతెన. 1864లో నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగె అనే బావాబావమరుదులు గాఢతకూ చర్యకూ ఉన్న సంబంధాన్ని సూత్రం చేశారు. వీళ్ళ పేర్లు నేను పాఠంలో చెప్పేవాణ్ణి. ఆ విద్యే మా అన్నయ్య వాకిట్లో ప్లాస్టిక్ బకెట్‌లో జరుగుతోందని మాత్రం నాకు తట్టలేదు. పొలంలో పని వేరు, కెమిస్ట్రీ వేరు అనుకున్నాను. అందుకే అన్నయ్యకు తెలిసినదాన్ని తెలివి కిందే లెక్కగట్టలేదు.

సజల యాసిడ్‌తో నూగు తీసే పద్ధతి ఒకటి నిజంగానే ఉంది. విత్తన కర్మాగారాల్లో వాడతారు. 10 శాతం చుట్టుపక్కల ఉన్న యాసిడ్‌తో గింజను తడిపి, ఎక్కువైనదాన్ని గిర్రున తిప్పి వడేసి, వేడిగాలి డ్రమ్ముల్లో ఆరబెడతారు. నీరు ఆవిరయ్యేకొద్దీ నూగు పోగుల మీద మిగిలిన యాసిడ్ గాఢమవుతుంది. నూగు పెళుసెక్కి రుద్దితే రాలిపోతుంది. పోసేటప్పుడు పలచనైనా పని జరిగే చోట, జరిగే క్షణానికి గాఢమే. చివరికి అమ్మోనియాతోనో సున్నంతోనో విరిచేస్తారు. ఆ పద్ధతి గురించి చదివినప్పుడు, నా సలహాకు ఎంత దగ్గరలో సరైన దారి ఉందో చూసి గుండె కలుక్కుమంది. ఇంకా ముందే వెతికి ఉంటే అన్నయ్య చేతికి రబ్బరు తొడుగులు కొనిపెట్టి, పక్కన నీళ్ళ డ్రమ్ము పెట్టించి, పాత పద్ధతిలోనే చేయించి ఉండేవాణ్ణి. ఆయన మచ్చకు కావలసిన మందు అదే.

ఎక్కువ పోస్తే ఎక్కువ పని, తక్కువ పోస్తే తక్కువ పని అనే నమ్మకం నా ఒక్కడిదే కాదు. 1987 తెల్లదోమకు ముందు మా చేలల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మళ్ళీ మళ్ళీ కొట్టారు. శనగపచ్చ పురుగు తగ్గకపోతే మోతాదు పెంచారు. మందు తెల్లదోమను తినే మిత్రపురుగులను చంపింది, తెల్లదోమ విరగబడింది. తర్వాత లాం పరిశోధనా స్థానం తెల్లదోమను తట్టుకునే కాంచన రకాన్ని ఇచ్చింది. రైతును మాత్రం తప్పుపట్టలేను. ఆయనకు ఆ మోతాదు లెక్క చెప్పింది నాలాంటి చదువుకున్నవాళ్ళూ, మందులు అమ్మేవాళ్ళూ. గీత గీసి చూపినవాళ్ళం మేము.

నాళికలు కడిగిన ఆ వారమే ఊరికి వెళ్ళి అన్నయ్యకు చెప్పాను. సెల్యులోజ్ నుంచి హామెట్ దాకా ఏదేదో చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "అంటే గింజ బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పంట పోయినందుకు ఒక్క మాట అనలేదు. "అప్పుడే చెప్పి ఉంటే మామయ్య దగ్గరికి వెళ్ళి వచ్చేవాణ్ణి కదరా" అన్నాడు. మామయ్య అప్పటికి పోయి రెండేళ్ళు దాటింది. ఆయన దినాలకు కూడా అన్నయ్య మొహమాటానికి వెళ్ళి, భోజనం చేయకుండా తిరిగొచ్చాడు. ఆ ఇంటివాళ్ళకు తర్వాత నేను వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. అత్తయ్య వింది, మంచినీళ్ళు ఇచ్చింది. క్షమించమని అడగడానికి అక్కడ ఆయన లేడు.

గాఢత గురించి నా అజ్ఞానం క్షమించదగినదే అనుకుంటాను. తెలియనిది ఎవరికైనా ఉంటుంది. మామయ్య విషయంలో నాకు తెలియనిదేమీ లేదు. జిగురు చూశాను, అనుమానపడ్డాను, నోరు మూసుకున్నాను. ఈ రెండిటినీ ఒకే తప్పు కింద కలిపి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

బ్రాడీపేటలో ఇవాళ ఏ లైనులోకి వెళ్ళినా కెమిస్ట్రీ చెప్పే సంస్థ ఉంటుంది. నాకంటే బాగా చెప్పే పిల్లలు వచ్చారు. వాళ్ళను ఒకటి అడుగుతున్నాను. థయోసల్ఫేట్ ప్రయోగం చేయించేటప్పుడు ఒక పూట ఆమ్లం గాఢత మార్చి కూడా చేయించండి. సరళరేఖ రాని గ్రాఫును పిల్లల చేతనే గీయించండి. మార్కులకు పనికిరాదని వదిలేయకండి. ఇంట్లో యాసిడ్‌తో గింజ శుద్ధి చేసేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో లేరు, కానీ మీ విద్యార్థులు సెలవులకు ఊళ్ళకు వెళ్ళి మందుల మోతాదులూ, బ్లీచింగు కలపడాలూ, డ్రిప్పు పైపుల్లో ఆమ్లం వదలడాలూ చెప్పేవాళ్ళే. చెప్పే ముందు ఒక బకెట్‌లో, ఒక మడిలో చేసి చూడమని వాళ్ళకు నేర్పండి. అన్నయ్య గింజల్లో వందను తడిగోనెలో చుట్టి వారం ఉంచి ఉంటే, ఎన్ని మొలుస్తాయో విత్తకముందే తెలిసేది.